వాగు రంగు మారిన ఏడాది

ఇస్నాపూర్ చౌరస్తా దాటి ముంబై హైవే నుంచి లోపలికి మళ్లితే, ఫ్యాక్టరీ ప్రహరీల మధ్య ఇంకా పాత ఊళ్లు కనిపిస్తాయి. అలాంటి ఒక ఊళ్లో, వేపచెట్టు కింది అరుగు మీద, ఓ ఆదివారం సాయంత్రం ఇద్దరి మధ్య మొదలైన వాదన ఇది. పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఒకప్పుడు నక్కవాగు నీళ్లతో వరి పండించిన రైతు, తర్వాత కొన్నేళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. ఆమె ఆయన తమ్ముడి కూతురు. సంగారెడ్డిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. వాళ్ల పేర్లు ఇక్కడ అక్కర్లేదు. ఈ వాడలో అలాంటి పెద్దబాపులూ అలాంటి బిడ్డలూ ఇంటికొకరు దొరుకుతారు.

ఆమె అడిగింది చిన్న కోరికే. "నెలకొక్క ఆదివారం మా పిల్లల్ని ఇరవై మందిని తోల్కొస్త పెద్దబాపు. నువ్వూ నీ తోటోళ్లూ కూసోని ఈ వాగు ముచ్చట చెప్పాలె. వాళ్లు అడగాలె, మీరు జవాబియ్యాలె."

"ఒద్దు బిడ్డా," అన్నాడాయన వెంటనే. "చదువుకునే పోరగాండ్లకు గా ముచ్చటెందుకు? మేం తిరిగినం, మేం మొత్తుకున్నం. ఏమొచ్చింది? నా మనుమడు గా మందుల కంపెనీలనే ట్రైనీగ ఉన్నడు. రేపు వాని పేరు యాడన్న బయటికొస్తె కొలువు ఉంటదా?"

లోపల గదిలో ఆ మనుమడు ఫోను చూసుకుంటున్నాడు. వింటున్నట్టు లేడు.

పెద్దాయన తోసిపుచ్చిన ఆ ముచ్చట చిన్నదేం కాదు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న వాళ్లలో చాలామంది సొంతంగా మందుల తయారీ మొదలుపెట్టారు. నగరానికి దగ్గర, హైవే పక్కన, చవకగా భూమి దొరికే చోటు పటాన్‌చెరు. 1970ల్లో మొదలైన పారిశ్రామిక వాడ ఆ తర్వాత పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వైపు పాకింది. ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు ఇసుకవాగులోకి, నక్కవాగులోకి, వాటి నుంచి మంజీర వైపు పారాయి. పొలాలు పాడయ్యాయి, బావులు పాడయ్యాయి. పటాన్‌చెరులో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగుల జబ్బులకూ వాగు నీళ్లకూ ఉన్న లంకెను పట్టుకుని ఊరూరా జనాన్ని కూడగట్టారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో కేసు వేసింది. ఆ కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. తీర్పు వచ్చింది 2017లో.

"ఇరవై ఏడేండ్లు!" పెద్దాయన వేళ్లు విరుచుకుంటూ అన్నాడు. "కేసు ఏసిన్నాడు నాతోని ట్రాక్టరెక్కి పట్నం పోయినోళ్లల్ల సగం మంది తీర్పు చూడకుండనే పోయిర్రు. గిది పోరగాండ్లకు చెప్తె వాళ్లకు ధైర్నమొస్తదా, ఉన్న ధైర్నం పోతదా? నువ్వే చెప్పు."

"అందుకే చెప్పాలంటున్న. కేసు ఏసిన ఏడు పుట్టినోడికి తీర్పు నాటికి ఇరవై ఏడేండ్లు. గంత పొడుగు కొట్లాట ఒక్క తరం మొయ్యగలదా? మీరు మోసినంత మోసిర్రు. తర్వాత ఎవరికిచ్చిర్రు? మా క్లాసుల పిల్లల్ని అడిగిన, నక్కవాగు యాడుంది అని. ఇద్దరు చెప్పిర్రు. అండ్ల ఒకడు, అది డ్రైనేజీ గదా మేడం అన్నడు."

ఆ మాటకు పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు.

ఆయన మౌనానికి కారణముంది. ఈ ప్రాంతంలో 1980ల నాటి వాగు నీటితో సేద్యం చేసిన వాళ్లకు ఇప్పుడు అరవై దాటుతున్నాయి. దోసిలి పట్టి తాగిన నీళ్లు, నాట్లేసిన మళ్లు, బర్రెలు దిగిన మడుగులు వాళ్ల జ్ఞాపకంలో తప్ప మరెక్కడా లేవు. వాగును మురికి కాలువగానే ఎరిగిన పిల్లవాడికి, దాన్ని బాగు చేయమని అడగాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? మురికి కాలువ మురికిగా ఉండడం వాడికి వింతేమీ కాదు.

"సరే, చెప్పినమనుకో. నమ్ముతరా?" పెద్దాయన వేరే దారి పట్టాడు. "మేం ఏండ్ల తరబడి చెప్పినం, నీళ్లల్ల మందు వాసనొస్తున్నదని. సర్కారోడు నమ్మలే. స్వీడన్ నుంచెవరో వచ్చి సీసాల నీళ్లు పట్కపోతె దునియంత నమ్మింది."

ఆయన చెబుతున్నది 2007 నాటి మాట. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. దాదాపు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థాలు అప్పట్లో ఆ కేంద్రానికే వచ్చేవి. శుద్ధి అయిందని వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. ఒక్క రోజులో ఆ నీటితో బయటికి పోతున్న మందు సుమారు 45 కిలోలని లెక్కగట్టారు. అంటే 90 లక్షల మంది ఉన్న స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేంత. రెండేళ్ల తర్వాత అదే పరిశోధకులు చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో కూడా మందుల జాడ పట్టుకున్నారు. జలుబు చేస్తే మనం వేసుకునే సెటిరిజిన్ వాటిలో ఒకటి.

"నమ్మింది నీళ్లను కాదు, లెక్కను," అందామె. "గానీ పెద్దబాపు, ఆ లెక్కకు ఒక్కటి తెల్వదు. వాళ్లు నీళ్లు పట్టిన నాడు నీళ్లల్ల ఏమున్నదో తెల్సింది. వాగు ఏ ఏడాది రంగు మారింది? మొదట చేపలు పోయినయా, పంట పోయిందా? ఏ మడికి మొదట ఉప్పు పట్టింది? గది ఏ మిషనూ చెప్పదు. నువ్వే చెప్పాలె. నీకు ఏండ్లు ఎర్క, మా పిల్లలకు లెక్క ఎర్క. రెండూ ఒక్క కాడ కూసోలేదు ఇప్పటిదాంక."

తరాల మధ్య చర్చ అనగానే మనకు బడి వార్షికోత్సవాలు గుర్తొస్తాయి. పెద్దలు వేదికెక్కి మంచి మాటలు చెబుతారు, పిల్లలు చప్పట్లు కొడతారు, అందరూ ఇళ్లకు పోతారు. దాన్ని చర్చ అనలేం. చర్చ జరగాలంటే ఇరువైపులా ఒకరికి తెలియనిది ఇంకొకరి దగ్గర ఉండాలి. ఈ వాడలో ఆ పరిస్థితి నిజంగానే ఉంది. తాత దగ్గర వాగు చరిత్ర ఉంది. మనుమడి దగ్గర ఆ వాగులో కలిసే రసాయనాల పరిజ్ఞానం ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నం తింటున్నారు.

పెద్దాయన మరో చిక్కు తీశాడు. "నీ క్లాసుల అందరూ మనోళ్లేనా? ఒడిశా, బిహారోళ్ల పిల్లలున్నరు గదా. గా పిల్లలకు నక్కవాగుతోని ఏం పని? రేపు తండ్రి ఇంకో ఊరికి పోతె వాళ్లూ పోతరు."

"పోయిన జూన్ ముప్పై మరిచినవా?"

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. చనిపోయిన వాళ్లలో ఎక్కువ మంది పొట్ట చేతపట్టుకుని బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. తమ వాళ్ల ఆనవాలు కోసం కుటుంబాలు డీఎన్‌ఏ పరీక్షల దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

"ఆ పిల్లల తండ్రులు లోపల పనిచేస్తున్నరు. వాళ్ల తాతలు యాడనో గయలనో, గంజాంలనో ఉన్నరు. ఈడ వాళ్లకు పెద్దదిక్కు ఎవరున్నరు? గేటు కాడ ఇన్నేండ్లు నిలబడ్డ నీకంటె లోపలి సంగతి ఎవరికెర్క? ఏ సైరన్ మోగితె ఎటు ఉరకాలె, ఏ వాసనొస్తె ఏం చెయ్యాలె, నువ్వు చెప్పగలవు. హిందీల చెప్పు. నీకు వస్తది గదా."

వస్తుంది. మెదక్ ప్రాంతపు పెద్దవాళ్లలో చాలామందికి దక్కనీ మాట ఇంటి మాటంత సులువు. అంగట్లో, కచేరీలో నేర్చుకున్నదే. పొరుగు రాష్ట్రాల పిల్లలతో మాట్లాడాలంటే ఇంగ్లీషు మీడియం కుర్రాళ్లు తడబడతారు గానీ, డెబ్బై ఏళ్ల రైతు తడబడడు. ఈ ఒక్క విషయంలో ఇక్కడి ముసలివాళ్లు తమకు తెలియకుండానే ఎంతో ముందున్నారు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఆమె అక్కడితో ఆగకుండా పస్తాపూర్ ఉదాహరణ తీసింది. సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నలభై ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడి సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళా రైతులు. మాచనూరులో 2008 అక్టోబరులో మొదలైన సంఘం రేడియోను ఆ మహిళలే నడిపారు. ప్రసారానికి అనుమతి దొరకక ముందు ఏళ్ల తరబడి టేపుల్లో రికార్డు చేసి సంఘాల మీటింగుల్లో వినిపించేవారు. ముసలమ్మల నోట విత్తనాల ముచ్చట, పాత పాట, మందుల చెట్ల సంగతి ఆ టేపుల్లోకి ఎక్కాయి. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద చిరుధాన్యాల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర కూడా వాళ్లదే. "ఆడ అవ్వ చెప్తది, మనుమరాలు మైకు పడ్తది. మనకెందుకు చేతగాదు?"

పెద్దాయన ఇచ్చిన జవాబు ఈ సాయంత్రం మొత్తంలో అన్నిటికన్నా బరువైనది.

"గా అవ్వ చేతుల విత్తనముంది బిడ్డా. గుప్పిట్ల పట్టి చూపెడ్తది. ఇగో కొర్ర, ఇగో సామ, ఇత్తుకో అంటది. నా చేతుల ఏమున్నది? పోయిన పంట, పోయిన నీళ్లు. పోయినదాన్ని పట్టి పోరగాండ్లకు ఏం చూపెట్టాలె?"

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బతికి ఉన్న విద్యను అందించడం వేరు, నష్టాన్ని అందించడం వేరు. నష్టం మాత్రమే విన్న యువకుడు ఊరు విడిచిపోవాలనుకుంటాడు, లేదా అంతా అంతేలే అని ఊరుకుంటాడు. ఆమె కూడా వెంటనే జవాబు చెప్పలేకపోయింది. చాయ్ తాగింది. గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అడిగింది: "పెద్దబాపు, పాత పహాణీ నకళ్లు ఉన్నయా?"

ఉన్నాయి. ఇనప్పెట్టెలో, పాసుబుక్కు పక్కన, మడతపెట్టి. కోర్టు కేసు రోజుల్లో, పంట నష్టం రుజువు చేయడానికి తీసుకున్న నకళ్లు.

పహాణీ అంటే రెవెన్యూ వాళ్లు ఏటా రాస్తూ వచ్చిన పొలం చిట్టా. ఏ సర్వే నంబరు ఎవరి పేరు మీద ఉంది, ఆ ఏడు ఏ పంట వేశారు, నీటి ఆధారం ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. ఒకే సర్వే నంబరుకు ఇరవై ఏళ్ల పహాణీలు వరసగా పరిస్తే వాగు కథ తేదీలతో సహా బయటపడుతుంది. ఫలానా ఏడు దాకా వరి. తర్వాత జొన్న. తర్వాత పడావు. ఇంటర్ చదివే పిల్ల ఈ కాగితాలతో ఊరి పటం మీద రంగులు పూయగలదు: ఏ ఏడు ఏ మడి పడావు పడిందో, కాలుష్యం ఎటు నుంచి ఎటు పాకిందో. అయితే ఆ కాగితంలోని రాత చదవాలన్నా, ఆ సర్వే నంబరు ఇప్పుడు ఏ ప్రహరీ లోపల ఉందో చూపాలన్నా ముసలాయనే కావాలి.

"గిదే నీ విత్తనం," అంది ఆమె. "న్యాల్‌కల్ మండలంల మొన్న 2024ల ఫార్మా కంపెనీలకు భూములు తీసుకుంటమంటె డప్పూర్, మల్గి, వడ్డి రైతులు అడ్డం తిరిగిర్రు గదా. గసుంటోళ్ల ముందర పెట్టాల్సిన కాగితం గిది. మా భూములకు ఏమైతది అని వాళ్లు అడుగుతున్నరు. జవాబు నీ పెట్టెల ఉన్నది."

ఇక్కడ ఒక చట్టపు సంగతి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ అవసరమయ్యే ప్రాజెక్టులకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ అంచనా నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఆ సారాంశాన్ని చదివి అర్థం చేసుకోగలిగేది చదువుకున్న పిల్లలు. అందులో 'సమీపంలో నీటి వనరు లేదు' అని రాసి ఉంటే, అక్కడ వానాకాలం పారే ఒర్రె ఉందని, దాని పేరు ఇదని చెప్పగలిగేది ఊరి పెద్దలు. ఒక్కరి వల్ల ఆ పని కాదు. ముప్పై రోజులు చాలా తక్కువ సమయం. నోటీసు వచ్చాక ఒకరినొకరు వెతుక్కోవడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

అప్పుడు మనుమడు గడప దాటి బయటికొచ్చాడు. అంతసేపూ విన్నాడన్నమాట. వాడు అడిగిన ప్రశ్న ఇద్దరిలో ఎవరూ ఊహించనిది.

"తాతా, మన పొలం మనమే అమ్మినం గదా. ఎవరికమ్మినవ్?"

పెద్దాయన తల వంచుకున్నాడు. కొంతసేపటికి చెప్పాడు. నీళ్లు పాడయ్యాక రెండు కార్లు పంట రాలేదు. కూతురి పెళ్లి దగ్గర పడింది. కొనడానికి వచ్చినవాడు కంపెనీ తరఫు మనిషేనని తెలుసు. తెలిసే అమ్మాడు. వాగు కోసం ధర్నాలో కూర్చున్న ఏడాదే అమ్మాడు. తోటివాళ్లకు చాలాకాలం చెప్పలేదు. "గందుకే పోరగాండ్ల ముందు కూసోవాలంటె భయం," అన్నాడు. "వాళ్లు గిదే అడుగుతరు."

ఇన్ని అభ్యంతరాల వెనక ఉన్న అసలు అభ్యంతరం ఇది. పెద్దలు యువతరంతో సమాజం గురించి మాట్లాడటానికి వెనకాడేది తీరిక లేకో, పిల్లలు వినరనో అనుకుంటాం. చాలాసార్లు తమ లెక్క తాము అప్పజెప్పాల్సి వస్తుందని వెనకాడతారు. కానీ ఆ లెక్క విన్నప్పుడే యువకుడికి సమస్య రూపం తెలుస్తుంది. చెడ్డ కంపెనీ, మంచి రైతు అన్న కథ విన్నవాడు మూడు రోజుల్లో మరిచిపోతాడు. ధర్నాలో కూర్చున్న మనిషే ఎందుకు భూమి అమ్మాల్సి వచ్చిందో విన్నవాడు మరిచిపోలేడు. ఎందుకంటే రేపు వాడికీ అలాంటి ఘడియే వస్తుంది. పొలం బదులు కొలువు ఉంటుంది, అంతే తేడా.

మనుమడు తాతను తప్పుపట్టలేదు. అరుగు మీద కూర్చుని తనకు తెలిసింది చెప్పాడు. "ఉమ్మడి ప్లాంటుల నీళ్లను బాగు చేసేది బ్యాక్టీరియానే తాతా. మురికిని అది తింటది. మనం తయారు చేసేదేమో బ్యాక్టీరియాను చంపే మందు. ఆ మందు నీళ్లల్ల కలిసొస్తే కొన్ని బ్యాక్టీరియా సస్తయి, సావనియ్యి మొండిగ తయారైతయి. రేపు అవి మనిషికి సోకితే మందు పనిచెయ్యదు. అందుకే వాళ్లు స్వీడన్ నుంచి వచ్చి చూసుకున్నరు. అది మన ఊరి సంగతొక్కటే కాదు."

"గిది నాకెవరూ చెప్పలే," అన్నాడు పెద్దాయన. ముప్పై ఏళ్లు పోరాడిన మనిషికి, తాను పోరాడుతున్నది దేని గురించో పూర్తిగా తెలిసింది ఆ సాయంత్రమే. ఆయన వెంటనే తన ప్రశ్న వేశాడు. "ఇప్పుడు ఏ కంపెనీకా కంపెనీల నీళ్లు ఆడనే బాగు చేసుకుంటున్నరు, బయటికి సుక్క గూడ రాదంటున్నరు గదా. మరి రాత్రి పన్నెండు దాటినంక గా ఘాటు వాసన యాడికెళ్లొస్తది?"

కుర్రాడు ఆలోచించాడు. "నాకు నా రియాక్టర్ ఒక్కటే ఎర్క తాతా. తక్కినయి అడిగి చూడలే."

"అడుగు."

"అడుగుత."

వాదన అంతటితో తెగిపోలేదు. పిల్లలు రావడానికి పెద్దాయన ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. ఉపన్యాసాలు వద్దు; ముందు వాగు దాకా నడిచి చూసి, తర్వాతే మాట. ఫోన్లలో వీడియో తీయొద్దు. కంపెనీల్లో పనిచేసే పిల్లల పేర్లు ఏ కాగితం మీదా ఉండొద్దు. చివరి షరతుకు ఆమె సరే అంది. వీడియో దగ్గర మాత్రం పట్టుబట్టింది: ఆయన మాట ఆయన గొంతులోనే నిలవాలని, 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలినప్పుడు జనం ఫోన్లలో తీసిన బొమ్మలే అందరి కళ్లూ తెరిపించాయని వాదించింది. ఆయన వినలేదు. ఫోను చూస్తే ముసలోళ్లు నిజం మానేసి గొప్పలు చెబుతారన్నాడు. ఆయన మాటలోనూ నిజముంది. సర్వే నంబర్లు, ఏడాదులు నోటుబుక్కులో రాసుకోవాలి, గొంతు సంగతి తర్వాత చూద్దాం అన్నదాకా వచ్చి ఆగారు.

పటాన్‌చెరు, జిన్నారం, హత్నూర, కంది మండలాల్లో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో అరవై దాటిన వాళ్లుంటే వచ్చే ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని మూడు సంగతులు అడగండి: వాగు నీళ్లు ఆఖరిసారి ఏ ఏడు తాగారు, ఆ ఏడు మడిలో ఏం పంట వేశారు, ఆ మడి ఇప్పుడు ఎక్కడుంది. చెప్పింది చెప్పినట్టు, ఏడాదితో సహా, నోటుబుక్కులో రాయండి. తర్వాత మీ పని గురించి వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పండి.